మన మాట వినేవాడు

మా అక్క కొడుకు కెనడాలోని కాల్గరీలో ఉద్యోగం చేస్తున్నాడు. 2019లో ఒకనాటి రాత్రి ఫోను చేసి, "మామా, మన తెలుగాయన ఈడ మంత్రి అయినాడు" అన్నాడు. ఇంటిల్లిపాదికీ సంతోషమైంది. మరునాడు ఆఫీసులో నలుగురికీ చెప్పుకొన్నాము. చింతామణిలో గుమాస్తాగిరీ చేసుకొనేవారికి అంతటి కబురు తరచుగా వస్తుందా?

ఆయన పేరు ప్రసాద్ పాండా. ఆంధ్రదేశాన పుట్టి, ఇంజనీరై, కాల్గరీకి వలసపోయి స్థిరపడినవాడు. 2015 మే ఎన్నికల్లో తన పార్టీ ఓడిన రాత్రే అక్కడి ముఖ్యమంత్రి జిమ్ ప్రెంటిస్ తన శాసనసభ స్థానాన్ని కూడా వదులుకొన్నారు. ఆ ఖాళీకి సెప్టెంబరులో జరిగిన ఉప ఎన్నికలో మన వాడు నెగ్గి, ఆల్బర్టా రాష్ట్ర శాసనసభలో 87 మందిలో ఒకడైనాడు. 2019 నుండి ప్రభుత్వ కట్టడాల శాఖ, 2022లో కొన్ని నెలలు రవాణా శాఖ చూచినాడు. 2023లో మరల పోటీ చేయలేదు.

ఇదంతా మా అమ్మకు విప్పి చెప్పినాము. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ, "ఆయన ఆడ తెలుగులో మాట్లాడతాడా?" అని అడిగింది. "లేదమ్మా, ఇంగ్లీషులోనే" అన్నాము. "పోనీలే, జనం చెప్పేది ఇంటాడా?" అన్నది. మేము బదులు చెప్పలేకపోయినాము.

మనకు తెలుగు శాసనసభ్యులు కొత్త కాదు. బాగేపల్లిలో ఓట్లు అడిగేది తెలుగులో, బెంగళూరు శాసనసభలో మాట్లాడేది కన్నడంలో. అక్కడినుండి 1994లోనూ 2004లోనూ కమ్యూనిస్టు మార్క్సిస్టు పార్టీ తరఫున గెలిచిన జి.వి. శ్రీరామరెడ్డిగారు 2018లో ఓడి, 2022 ఏప్రిల్‌లో కన్నుమూసినారు. కాల్గరీ మంత్రిని గూర్చి ఆఫీసంతా చాటిన మేము, పొరుగు తాలూకా మనిషిని గూర్చి ఎన్నడైనా అంత సంబరంగా చెప్పుకొన్నామా?

భాష ఒక్కటైతే చాలునా అంటే, చిత్రావతిని చూడండి. బాగేపల్లి దగ్గర పరగోడులో ఆనకట్ట అనగానే దిగువనున్న ఆంధ్ర రైతులు అభ్యంతరం చెప్పినారు. ఎగువన తెలుగే, దిగువన తెలుగే. నీళ్లకాడ మాత్రం ఎవరి గోడు వారిదే.

అమ్మ ప్రశ్న మమ్ము వదలకపోవడానికి వేరే కారణం ఉన్నది. కొన్నాళ్ల క్రిందట ఒక ముసలామె పింఛను నిలిచిపోయిందని మా బల్లకాడికి వచ్చి, తెలుగులో ఏకరువు పెట్టింది. మేము తలయెత్తకుండానే, "కన్నడంలో అర్జీ రాయించుకొని రేపు రా అవ్వా" అన్నాము. రెండు భాషలూ వచ్చిన చేయి మాది. రాసి ఇవ్వడానికి పది నిమిషాలు చాలును. ఆమె బస్సుకు మళ్లీ డబ్బులు ఎక్కడ తెచ్చుకొన్నదో, మరునాడు రాలేదు. ఆ తరువాతా రాలేదు. ఆమె ఊరి పేరైనా అడిగి ఉండలేదు.

ఇప్పుడు అటువంటివారు వస్తే కూర్చోబెట్టి, చెప్పినదంతా విని, అర్జీ మేమే కన్నడంలో రాస్తున్నాము. వేలిముద్ర వేయించేముందు తెలుగులో చదివి వినిపిస్తాము. తోటి గుమాస్తాలు నవ్వుతారు. నవ్వనీయండి. ఆ అవ్వ ఎప్పుడైనా మరల వస్తే, ఈసారి తలయెత్తి చూస్తాము.