నాన్న కొట్టిన నల్లరాయి

కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నేను విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మాది పోలవరం వైపు కోయ గూడెం. పొలం పనుల్లేని రోజుల్లో నాన్న దేవరపల్లి మండలంలో నల్లరాయి క్వారీలకి కూలికి పోయేవాడు. పీజీలో జియాలజీ తీసుకుంటానంటే తెలిసిన పెద్దాయన ఒకరు "మీవాళ్ళకి రాళ్ళ చదువెందుకు, ఉద్యోగమొచ్చే కోర్సు చూసుకో" అన్నాడు. ఎందుకో మీకు చెప్తాను.

విజయవాడలో మనకి కనిపించే ఇంద్రకీలాద్రి తూర్పు కనుమల రాయి, చాలా చాలా పాతది. దాని కింద పరుచుకున్న డెల్టా మట్టి నిన్నమొన్నటిది, కృష్ణమ్మ కొన్ని వేల ఏళ్ళుగా తెచ్చి పోసింది. ఈ రెండిటి మధ్య వయసు రాయి ఒకటుంది. అదే దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీల్లోనూ, గోదావరి అవతల రాజమండ్రి దగ్గర కాతేరులోనూ బయటపడే నల్లరాయి. అది చల్లారిన లావా. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటిది.

మరి ఇక్కడ అగ్నిపర్వతం ఏది? లేదు. ఆ లావా పుట్టింది పడమటి కనుమల వైపు. మహారాష్ట్రని కప్పేసిన దక్కన్ లావాకీ, మన రాజమండ్రి రాయికీ రసాయన గుణాలు కలుస్తున్నాయి. పాత నదీ లోయల వెంట వెయ్యి కిలోమీటర్ల పైన పారి, ఇక్కడ సముద్రం దాకా వచ్చిందని శాస్త్రవేత్తల లెక్క. భూమ్మీద ఇంత దూరం పారిన లావా చాలా అరుదు.

క్వారీలో పనిచేసినవాళ్ళకి తెలుసు, నల్లరాయి పొరల మధ్య ఒక తెల్ల పొర వస్తుంది. అది మెత్తటి సున్నపురాయి, కంకరకి పట్టదు. అందులో ఆలిచిప్పలు, గుల్లలు ఉంటాయి. అంటే ఒక లావా చల్లారాక దాని మీద సముద్రపు మట్టి పేరుకుంది, ఆ తర్వాత మళ్ళీ లావా వచ్చింది. ఆ తెల్ల పొరలోనే అసలు కథ ఉంది.

2008లో గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఈ క్వారీల పొరల్ని చదివింది. తర్వాత ఓఎన్‌జీసీ కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్విన బావుల రాళ్ళనీ చదివింది. వాళ్ళు వెతికింది ఫొరామినిఫెరాల కోసం. ఇవి ఇసుక రేణువంత ఉండే ఏకకణ జీవులు, ఒంటి చుట్టూ సున్నపు గుల్ల కట్టుకుంటాయి. లావా పొరల మధ్య మట్టిలో ఆ జాతులు తగ్గుతూ వచ్చాయి. క్వారీల తెల్ల పొరలో దొరికినవి ప్రళయం తర్వాత కొత్తగా పుట్టిన చిన్న చిన్న జాతులు. డైనోసార్లు పోయింది కూడా ఆ కాలంలోనే. మొత్తం జీవజాతుల్లో నాలుగింట మూడు వంతులు పోయాయి.

దీనికి మెక్సికో దగ్గర పడ్డ గ్రహశకలమే ముఖ్య కారణమని ఎక్కువమంది అంటారు. లావాయే కారణమని కెల్లర్ వాదం. వాదన ఇంకా తెగలేదు. కానీ లావాతో పాటు వచ్చే వాయువులు ఏం చేస్తాయో తెలుసు. కార్బన్ డయాక్సైడ్ గాలిని వేడెక్కిస్తుంది, నీళ్ళలో కరిగి సముద్రాన్ని పులుపెక్కిస్తుంది. గుల్ల కట్టుకునే జీవికి గుల్ల నిలవదు. సుమారు 9 కోట్ల 40 లక్షల ఏళ్ళ కిందట కరీబియన్ వైపు సముద్రం అడుగునే లావా పొంగినప్పుడు లోతు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి ఎన్నో జీవులు ఊపిరాడక పోయాయి. ఇప్పుడు అదే వాయువుని మనుషులు బొగ్గు, పెట్రోలు కాల్చి వదులుతున్నారు.

ఇంత చరిత్ర ఉన్న రాయిని మనవాళ్ళు రోజుకూలికి కంకర కొట్టారు, దుమ్ము పీల్చారు. నాన్నకి ఇప్పటికీ దగ్గు పోలేదు. తెల్ల పొర ఎక్కడ మొదలవుతుందో, దాని కింద రాయి ఎలా పగులుతుందో ఆయనకి చూడగానే తెలుస్తుంది. ఆ పొరకి అర్థం చెప్పే పుస్తకాల్లో మాత్రం మనవాళ్ళ పేరు ఒక్కటీ నాకు కనపడలేదు. భూమి పండుగ చేసుకునే మనకి భూమి చదువు ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలి?

ఉద్యోగం మాటకొస్తే, జియాలజీ పీజీ చేసినవాళ్ళకి యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది. దాంట్లో ఎస్టీ రిజర్వేషన్ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది. సైన్స్ గ్రూపు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక్కసారి ఆలోచించండి.

క్వారీల దగ్గర ఊళ్ళ వాళ్ళకి ఒక పని. తెల్లరాయిలో గుల్లలు కనిపిస్తే ఫోటో తీసి, ఏ ఊరు, ఏ పొర అనేది రాసి ఇక్కడ పెట్టండి. కోసిన గట్టు కిందకి మాత్రం పోవద్దు, బ్లాస్టింగ్ టైంలో అసలే వద్దు. ఇంట్లో క్వారీ పని చేసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళనడిగి పొరల వరస రాసుకోండి. వాళ్ళకి తెలిసింది వాళ్ళతోనే పోకూడదు.

జై ఆదివాసీ.