బాబాయి మిమిక్రీ చేస్తున్నాడనుకున్నాం!

మా బాబాయికి సినిమా పిచ్చి. అదీ మామూలు పిచ్చి కాదు! మల్కాజ్‌గిరి సాయిరాం థియేటర్లో కొత్త బొమ్మ పడిందంటే చాలు, పిల్లమూకనంతా వెంటేసుకుని బయల్దేరాల్సిందే. ఇంటికొచ్చాక మాకు ఇంకో ఆట ఉచితం. రామారావుగారి గద్దింపు, నాగేశ్వరరావుగారి తాగుబోతు తడబాటు, రావు గోపాలరావుగారి సాగదీత... అన్నీ దింపేసేవాడు.

ఆ మిమిక్రీయే మా కొంప ముంచింది.

2019లో ఓ ఆదివారం, ఫస్టు షో. ఇంటర్వెల్లో, ఏడూ నలభై అయ్యుంటుంది, బాబాయి కుడిచేతిలో టీ గ్లాసు జారి పడిపోయింది. "ఏమైంది బాబాయ్?" అంటే ఏదో అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. మూతి ఓ పక్కకి లాగినట్టుంది. మేమేం చేశామో తెలుసా? పకపకా నవ్వాం! "అచ్చం నాగేశ్వరరావే!" అని మా తమ్ముడు చప్పట్లు కూడా కొట్టాడు. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే వాడు అక్కణ్ణించి లేచిపోతాడు.

కళ్ళు తిరిగాయేమోనని ఇంటికి తీసుకొచ్చాం. పిన్ని నిమ్మరసం పట్టింది. సగం పెదవి చివరనుంచి కారిపోయింది, సగం పొరమారింది. (అలాంటప్పుడు నోట్లో ఏమీ పొయ్యకూడదట. మింగడం సరిగా రాక ఊపిరితిత్తుల్లోకి పోతుంది.) పడుకుంటే తగ్గుతుందిలే అనుకున్నాం. అర్ధరాత్రి చూస్తే కుడికాలు కదలడం లేదు. అప్పుడు 108కి ఫోను! పెద్దాసుపత్రి చేరేసరికి ఒంటిగంట.

డాక్టరుగారు ముందుగా అడిగింది ఒక్కటే. "ఈయన చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?"

"ఇంటర్వెల్‌కి ముందండీ" అన్నాను.

ఆయన గడియారం వంక చూశారు. ఆ చూపు మర్చిపోలేను.

స్కానింగు తీశారు. మెదడులో రక్తనాళం గడ్డతో మూసుకుపోయినా పక్షవాతమే, చిట్లి రక్తం కారినా పక్షవాతమే. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. వైద్యం మాత్రం వేరు. గడ్డ కరిగించే ఇంజెక్షను చిట్లినవాళ్ళకిస్తే ప్రాణానికే ముప్పు. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ కూడా స్కానింగు కాకుండా వెయ్యకూడదన్నారు. బాబాయిది గడ్డే. కానీ ఆ ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపల పడాలి. మాకు ఐదు దాటింది! పెద్ద నాళం మూసుకుంటే తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డని లాగేస్తారట, కొందరికైతే 24 గంటలదాకా అవకాశం ఉంటుందట. బాబాయిది చిన్ననాళం. ఆ దారీ లేదు.

నవ్వమని అడగాలి, రెండు చేతులూ ఎత్తమనాలి, ఒక మాట చెప్పించాలి. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108. అర నిమిషం పని! మేం డైలాగు విన్నాం, నవ్వూ చూశాం, అర్థమే కాలేదు.

ఇంకో సంగతి ఆసుపత్రి వరండాలో బయటపడింది. రెండు నెలల కిందట ఓ పొద్దున బాబాయి చెయ్యి పదినిమిషాలు మొద్దుబారి, దానంతటదే సర్దుకుందట. అది ట్రైలరన్నమాట! తలనొప్పి లేదు కదా అని బీపీ మాత్ర కూడా మానేశాడు. సిగరెట్లు మాత్రం మానలేదు మహానుభావుడు.

చూడవచ్చినవాళ్ళలో ఒకాయన నూతన్‌ప్రసాద్‌గారి పేరెత్తాడు. ఆయనది వేరు. 1989లో "బామ్మమాట బంగారుబాట" షూటింగు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది. కాళ్ళు పోయినా గొంతు దక్కింది, "నేరాలు-ఘోరాలు"లో ఆ గొంతు ఎవరు వినలేదు? ఎం.జి.ఆర్.గారిది మా బాబాయి జబ్బే. 1984 అక్టోబరులో వచ్చింది. న్యూయార్కులో బ్రూక్లిన్ ఆసుపత్రిలో ఉండగానే ఎన్నికల్లో నెగ్గారు. మాట మాత్రం పూర్వంలా రాలేదు. ఇది చెప్పినప్పుడు బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఫిజియోథెరపీ మొదలైంది. మాట నేర్పే అమ్మాయి "అ... ఆ..." అనమంటే విసుక్కునేవాడు. ఆమె తెలివైనది, సినిమా డైలాగులు చెప్పమంది. ఇహ చూస్కోండి! మొదట్లో రామారావుగారు, రావు గోపాలరావుగారు ఇద్దరూ ఒకేలా వినిపించేవారు. ఎనిమిదో నెలకి ఎవరెవరో తెలిసింది.

కాలు ఇంకా కొంచెం ఈడుస్తాడు. బీపీ మాత్ర పిన్ని ఎదురుగా నిలబడి మింగిస్తుంది. మొన్న మళ్ళీ సినిమాకి తీసుకెళ్ళాం. ఇంటర్వెల్లో టీ గ్లాసు ఎడమచేతికి ఇవ్వబోయాను. కోపంగా చూసి కుడిచెయ్యి చాచాడు. గ్లాసు వణికింది, కాస్త టీ చొక్కామీద ఒలికింది. తాగడం అయ్యేదాకా తమ్ముడూ నేనూ ఆయన మూతికేసే చూస్తూ నిలబడ్డాం.