భయం వేరు, జాగ్రత్త వేరు

పిల్లలకు అన్నం తినిపించడానికి బూచాడిని పిలవని ఇల్లు మన పల్లెల్లో అరుదు. ముద్ద మింగకపోతే బూచాడు వస్తాడు, నిద్రపోకపోతే పోలీసు వస్తాడు, అల్లరి చేస్తే డాక్టరు గారు సూది వేస్తారు. విశ్వాసుల ఇళ్ళలో ఇంకొకటి కూడా వినిపిస్తూ ఉంటుంది, "అబద్ధమాడితే యేసయ్య కళ్ళు పొడుస్తాడు" అని. పోలీసునూ డాక్టరు గారినీ అంటే అన్నాము, పసిపిల్లలను దగ్గరకు రానిమ్మన్న ప్రభువును కూడా ఆ వరుసలోనే నిలబెడతామా అని నాకు బాధ కలుగుతుంది.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి నాలుగు నిండి అయిదో ఏడు నడుస్తోంది. మా ఊరు అవనిగడ్డ దగ్గర. ఇంటి ముందు పంట కాలువ, వెనుక గడ్డివాము, దాని వెనుక వరిచేలు. ఇంకా దక్షిణంగా పోతే సముద్రం. నా పుట్టినిల్లు గుడివాడ దగ్గర పల్లెటూరు. కాలువలు, చెరువులు అక్కడా ఉన్నాయి. కాని దివిసీమ అటు ఇటు కృష్ణ పాయలు, దిగువన సముద్రం ఉన్న నేల. ఇక్కడికి కోడలిగా వచ్చేటప్పుడు మా అమ్మ నగలు సర్దుతూ, "నీళ్ళ మధ్య కాపురం, పిల్లలు పుడితే జాగ్రత్తమ్మా" అంది. ఆ మాట పిల్లలు పుట్టాక కాని నాకు అర్థం కాలేదు.

నీళ్ళు, పాములు, తుఫాన్లు. ఈ మూడింటి గురించి పిల్లలకు చెప్పక తప్పదు. ఎలా చెప్పాలి అన్నదే ప్రశ్న. భయపెడితే పని సులువుగా అవుతుంది, మాట వెంటనే వింటారు. కాని భయపడిన పిల్లవాడు ప్రమాదానికి దూరంగా ఉంటాడన్న నమ్మకం లేదు. ప్రమాదం జరిగాక మనకు చెప్పకుండా దూరంగా ఉంటాడు. అది ఎంత పెద్ద తేడానో ఈ కొద్ది సంవత్సరాలలో నేను చూశాను.

మొదట నీళ్ళ సంగతి. విజయవాడ బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలి, పులిగడ్డ అక్విడెక్టు దాటి మా కాలువకు వచ్చిన రోజు పిల్లలకు పండుగే. ఎండి బీటలు వారిన కాలువలోకి ఎర్రనీళ్ళు నురగలతో వస్తుంటే పరుగెత్తి చూడని పిల్లవాడు ఉండడు. "కాలువలో దయ్యముంది" అంటే ఒక ఏడాది నమ్ముతారు. రెండో ఏడు తోటి పిల్లలు దిగి ఈదుతుంటే దయ్యమూ పోతుంది, మన మాటకున్న విలువా పోతుంది. అందుకని మా ఇంట్లో దయ్యం లేదు, ఒక నియమం ఉంది. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోకుండా చిన్నది రేవు మెట్టు దిగకూడదు. పెద్దవాడు ఒంటరిగా దిగకూడదు. ఎందుకో కూడా చెప్పాము. ఒక కొబ్బరి చిప్ప కాలువలో వేసి, అది ఎంత వేగంగా పోతుందో గట్టున నడిచి చూడమన్నారు మావారు. వాడు నడిచాడు, తరువాత పరుగెత్తాడు, అయినా అందుకోలేకపోయాడు. ఆ తరువాత వాడికి వేరే ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

ఈత మాత్రం నేర్పించాము. వేసవి సెలవుల్లో మా పుట్టింటి ఊరి చెరువులో మా నాన్నగారు మునగబెండ్లు కట్టి, తాను నడుములోతు నీళ్ళలో నిలబడి నేర్పారు. ఈతతో పాటు మరో పాఠం కూడా చెప్పారు. "ఎవరైనా మునుగుతుంటే నువ్వు దూకకు నాన్నా. కేక వెయ్యి. తాడో, తువ్వాలో, కర్రో అందించు" అని. మునిగిపోతున్న స్నేహితుణ్ణి పట్టుకోబోయి రెండో పిల్లవాడు కూడా పోయిన వార్తలు మనం పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 5 నుండి 14 ఏళ్ళ పిల్లల మరణాలకు నీట మునగడం మూడో పెద్ద కారణం, 1 నుండి 4 ఏళ్ళ పిల్లలకు నాలుగో కారణం. చిన్నపిల్లలకు కాలువే అక్కరలేదు. మూత లేని నీళ్ళ తొట్టి చాలు, పెరట్లో సగం నిండిన బకెట్టు చాలు. సాయంత్రం బట్టలు ఉతకడం కాగానే బకెట్లు బోర్లించడం మా ఇంట్లో చిన్నదాని పని. అది ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మరీ బోర్లిస్తుంది.

ఇక పాముల సంగతి. మా సీమలో వరి నాటిన దగ్గరనుండి కోతలయ్యే వరకు ఈ బెడద తప్పదు. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై పేపర్లలో కూడా వచ్చింది. చీకటిపడితే టార్చి లేకుండా గుమ్మం దిగవద్దనీ, గడ్డివాములో, కట్టెల మోపులో, కన్నాల్లో చేతులు పెట్టవద్దనీ పిల్లలకు చెప్పాము. వాటితో పాటు ఇంకొకటి చెప్పాము. "ఏదైనా కుట్టినా, కరిచినా ఆ క్షణమే చెప్పాలి. మేము వద్దన్న చోటికి వెళ్ళి ఉన్నా సరే చెప్పాలి. చెప్పినందుకు ఎవరూ కొట్టరు, తిట్టరు." ఈ మాట ప్రతి వానాకాలం మొదట్లో మళ్ళీ చెబుతాము.

పోయిన సంవత్సరం ఒక సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పెద్దవాడు నెమ్మదిగా వచ్చి, "అమ్మా, బంతి కోసం గడ్డివాము వెనక్కి వెళ్ళాను. టార్చి తీసుకెళ్ళలేదు. కాలికి ఏదో తగిలి జరజరా పోయింది" అన్నాడు. చీలమండ దగ్గర రెండు గాట్లు ఉన్నాయి. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. మావారు వాణ్ణి నడవనివ్వకుండా ఎత్తుకున్నారు. పక్కింటాయన కట్టు కట్టడానికి తాడు తెచ్చాడు, ఇంకొకరు బ్లేడు అన్నారు. వద్దని చెప్పి, కాలు కదలకుండా కర్రబద్దతో తువ్వాలు చుట్టి ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడ డాక్టరు గారు రక్తం తీసి గాజుగొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూశారు. గడ్డకట్టింది. అయినా రాత్రంతా, మరునాడు సాయంత్రం వరకు అక్కడే ఉంచి మళ్ళీ మళ్ళీ చూశారు. విషం ఎక్కలేదు. దేవునికి స్తోత్రం.

ఆ రాత్రి పక్క మంచం దగ్గర ఒక పెద్దామె ఉంది. వాళ్ళ బంధువుల పిల్లవాడి సంగతి చెప్పింది. వద్దన్న చోట ఆడుతుంటే పాము కరిచిందట. ఇంట్లో కొడతారని రాత్రి వరకు చెప్పలేదట. "చెప్పేసరికి ఆలస్యమైపోయిందమ్మా, బాబు దక్కలేదు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను వాడి తల నిమురుతూ తెల్లవార్లూ కూర్చున్నాను.

తల్లులందరూ ఇది గుర్తుపెట్టుకోవాలి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, గాటు కూడా కనపడదు. నేలమీద పడుకున్న పిల్లవాడు తెల్లవారుజామున కడుపునొప్పి అన్నా, కనురెప్పలు వాలిపోతున్నా, మింగలేకపోతున్నా అజీర్తి అనుకోవద్దు. మంత్రాలు, పసర్లు, కోతలు, గట్టి కట్లు వద్దు. 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి పోవాలి.

ఇంటికి వచ్చాక, టార్చి లేకుండా వెళ్ళినందుకు రెండు రోజులు బంతి దాచేశాము. వెంటనే చెప్పినందుకు వాళ్ళ నాన్న వాణ్ణి నలుగురిలో మెచ్చుకున్నారు. మాట తప్పినందుకు శిక్ష ఉండాలి. నిజం చెప్పినందుకు మాత్రం ఎన్నడూ ఉండకూడదు. ఈ రెండూ కలిసిపోతే పిల్లలకు అర్థమయ్యేది ఒక్కటే, నోరు మూసుకోవడం మేలని.

మూడవది తుఫాను. మా అత్తయ్యది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెన వచ్చిన నాటికి ఆమెకు పన్నెండేళ్ళు. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. అత్తయ్య తల్లీ, ఇద్దరు తమ్ముళ్ళూ అందులో ఉన్నారు. ఆమె తండ్రితో పాటు తాటిచెట్టును పట్టుకుని బ్రతికింది. నేను కోడలిగా వచ్చిన చాలా ఏళ్ళ వరకు ఆమె ఈ సంగతి ఎత్తలేదు. ఒక నవంబరులో పెద్దవాడు బడినుండి వచ్చి, "నాయనమ్మా, ఉప్పెన నువ్వు చూశావా?" అన్నాడు. నేను ఆపబోయాను. ఆమె చేత్తో వారించి వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టుకుంది. గాలి ఎలా అరిచిందో చెప్పింది, చెట్టు ఎలా ఊగిందో చెప్పింది, వాళ్ళ నాన్న తన పంచెతో ఆమెను మానుకు ఎలా కట్టాడో చెప్పింది. అమ్మా తమ్ముళ్ళూ చనిపోయారని కూడా చెప్పింది. తెల్లవారాక చూసినవి మాత్రం చెప్పలేదు. అబద్ధం ఒక్కటీ లేదు. పసివాడి నోటికి సరిపడా ముద్ద చేసి పెట్టినట్టు, వాడు మింగగలిగినంతే చెప్పింది. పిల్లలకు నిజం చెప్పడం ఎలాగో నేను ఆ రోజు ఆమె దగ్గర నేర్చుకున్నాను.

మా వైపు ఉప్పెన కొత్తది కాదు. మావారు చదివిన బందరు నోబుల్ కాలేజీకి మొదలు 1843లో రాబర్ట్ నోబుల్ దొరగారు పెట్టిన బడి. ఆయన జీవించి ఉండగానే, 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరులోను చుట్టుపక్కల ఊళ్ళలోను సుమారు ముప్పైవేల మందిని తీసుకుపోయింది. అయితే పిల్లలకు ఇంకో లెక్క కూడా చెప్పాలి. 1990 మే 9న దాదాపు 1977 నాటిదంత తీవ్రమైన తుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోటే తీరం దాటింది. ఈసారి చనిపోయినవారు వెయ్యికి లోపే. సముద్రం మెత్తబడి కాదు. ముందుగా హెచ్చరిక అందింది, లక్షలమంది ఇళ్ళు వదిలి క్షేమమైన చోటికి వెళ్ళారు. విన్నారు, కదిలారు, బ్రతికారు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ముందురోజే మేము బడి భవనానికి చేరాము. సంచిలో అటుకులు, బెల్లం, నీళ్ళ సీసాలు, మందులు, ప్లాస్టిక్ కవరులో కాగితాలు, బైబిలు. టార్చి మోయడం అప్పుడు ఆరేళ్ళ పెద్దవాడి పని. తన చేతిలో పని ఉన్నందువల్ల వాడు ఏడవలేదు. చేలో వరి పడిపోయింది, ఆ ఏడు చాలా నష్టపోయాము. పిల్లలు మాత్రం ఆ రాత్రిని మిగతా పిల్లలతో కలిసి పడుకున్న రాత్రిగానే గుర్తుపెట్టుకున్నారు.

ఒక ఆదివారం సండే స్కూలులో, తుఫానులో పడవ మీద ప్రభువు నిద్రపోవడం, శిష్యులు లేపడం, ఆయన గాలినీ సముద్రాన్నీ గద్దించడం చెప్పారు. ఇంటికి రాగానే వాడు నాయనమ్మను అడిగాడు. "మరి ఉప్పెన రోజు యేసయ్య ఎందుకు లేవలేదు?" ఇంట్లో ఎవరమూ మాట్లాడలేదు. ఆమె కాసేపు ఆగి అంది. "అది నేను కూడా ఆయన్ని అడుగుతూనే ఉన్నానురా నాన్నా. రోజూ అడుగుతాను. తెల్లారాక ఎవరో ఒకాయన వచ్చి నన్ను చెట్టు మీదనుండి దింపి, నా నోట్లో కొబ్బరినీళ్ళు పోశాడు. ఆయన పేరు నాకు తెలియదు. ఆయన్ని ఎవరు పంపారో మాత్రం నాకు తెలుసు." వాడు తల ఊపి, "అయితే నేనూ అడగొచ్చా?" అన్నాడు. "అడగరా. అడిగితే ఆయనకు కోపం రాదు" అంది.

అడిగితే కోపం రాని దేవుణ్ణి పిల్లలకు పరిచయం చేయాలంటే, అడిగితే కోపం తెచ్చుకోని తల్లిదండ్రులుగా ముందు మనం ఉండాలి. పిల్లలు మొదట చూసేది మన ముఖమే.

సహోదరీలారా, పంట కాలువ పక్కన, చేల గట్టున, సముద్రానికి దగ్గరగా మనం పిల్లలను పెంచుతున్నాము. ప్రతి నిమిషమూ వాళ్ళ వెంట ఉండలేము. నాట్లకు వెళ్ళాలి, కోతలకు వెళ్ళాలి, పాలు పిండాలి. మనం లేని సమయంలో వాళ్ళకు తోడుండేది మనం చెప్పిన మాట. అది బూచాడి మాట అయితే పెరిగే కొద్దీ రాలిపోతుంది. నిజమైన మాట అయితే నిలుస్తుంది. ఈ వారం మీ ఇంట్లో మూడు పనులు చేసి చూడండి. నీళ్ళ తొట్టికి మూత వేయించండి. గుమ్మం పక్కన పిల్లల చేతికి అందేలా టార్చి పెట్టండి. రాత్రి ప్రార్థన అయ్యాక పిల్లలను దగ్గరకు తీసుకుని, "ఏం జరిగినా ముందు నాకు చెప్పు, నేను కొట్టను" అని చెప్పండి. చెప్పి, ఆ మాట మీద నిలబడడానికి కావలసిన ఓర్పును ప్రభువును అడగండి. ఆ ఓర్పు నాకూ రోజూ కావాలి.