కోరుకొండ దాటాక జీపు

కోరుకొండ నరసింహస్వామి కొండ పక్కనుంచి గోకవరం వైపు పోయే రోడ్డు మర్యాదస్తుడిలాంటిది. రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కినా కాళ్ల కింద తారుంటుంది. ఆ తారు వదిలి పుల్లంగి మీదుగా గుడిస గడ్డికొండలకు మళ్లినప్పుడే జీపుకు పని పడుతుంది. నున్నటి కార్లు కిందే ఆగిపోతాయి. వాటి యజమానులు దిగి, రంగు వెలిసిన ఏ పాత మహీంద్రానో బాడుగకు మాట్లాడుకుంటారు.

ఆ బండి బలం ఇంజనులో ఉందనుకుంటాం గానీ, మహీంద్రా ఎంఎం 540 జీపులో ఉన్నది 2,112 సీసీల పెజో డీజిల్, 62 గుర్రాల శక్తి. ఇవాళ్టి చిన్న కారుకే అంతకంటే ఎక్కువుంటుంది. కిటుకు గేర్లలో ఉంది. పెద్ద గేరు రాడ్డు పక్కన రెండు పొట్టి రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలకూ శక్తి పంపుతుంది, రెండోది వేగం తగ్గించి లాగుడును సుమారు రెండున్నర రెట్లు చేస్తుంది. అప్పుడు బండి మనిషి నడకంత నిదానంగా, రాయి మీద రాయి ఎక్కుతూ పోతుంది. తారు మీద మాత్రం ఆ మొదటి రాడ్డు జోలికి పోకూడదు. ముందు వెనక చక్రాలు ఒకే లెక్కన తిరగాల్సి వచ్చి, మలుపులో టైర్లు ఈడ్చుకుపోతాయి, జాయింట్లు మూలుగుతాయి.

ఇంకో సంగతి, జీపన్న ప్రతిదీ ఫోర్‌వీల్ కాదు. ఏజెన్సీలో జనాన్ని టాపు మీద కూడా ఎక్కించుకు తిరిగిన మహీంద్రా కమాండర్లు చాలామటుకు వెనక చక్రాలతో లాగినవే. వాటి ఘనత ఛాసిస్‌ది, కమాన్ పట్టీలది, డ్రైవర్ గుండెది. అసలు నాలుగు చక్రాలూ లాగే బండయినా బురదలో ముందొకటి, వెనకొకటి జారి ఉత్తినే తిరుగుతుంటే కదలదు. శక్తి అంతా సులువుగా తిరిగే చక్రానికే పోతుంది. అప్పుడు దిగి తొయ్యాల్సిందే.

వాగు దాటడం వేరే విద్య. పాత పెట్రోలు జీపులకు డిస్ట్రిబ్యూటర్ తడిస్తే చాలు, నడివాగులో ప్రాణం పోయేది. డీజిల్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు కాబట్టి ఆ భయం లేదు. తెలిసిన డ్రైవరు లోతు వాగు ముందు ఆగి ఫ్యాన్ బెల్టు తీసేస్తాడు, లేకపోతే ఫ్యాను నీళ్లన్నీ ఇంజను మీదికి చిమ్ముతుంది. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోతే మాత్రం డీజిలయినా ఒకటే, పెట్రోలయినా ఒకటే.

విరగని బండని పొగిడేవాళ్లు దాన్ని నడిపి ఉండరు. కమాన్ పట్టీ విరుగుతుంది, సెంటర్ బోల్టు తెగుతుంది, బుష్షులు అరుగుతాయి. ‘‘ఇరక్కుండా ఉంటాదని కాదండీ, ఇరిగినా ఇంటికి తెచ్చేత్తాదండీ’’ అంటాడు షెడ్డు మెకానిక్కు. విరిగిన పట్టీకి కర్రముక్క పెట్టి తాడుతో బిగించి, నెమ్మదిగా గోకవరం దాకా లాక్కొచ్చేయొచ్చు. అక్కడ వెల్డింగు ఉంది, సుత్తి ఉంది, అంతకంటే ఏం కావాలి? కొత్త వాటికి ల్యాప్‌టాప్ తగిలించందే రోగం తెలియదు. అయితే వాటిని తీసిపారేయడం కూడా అన్యాయమే. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు గేరు రాడ్డు పక్కన రెండో రాడ్డు ఉంది, ఛాసిస్ ఉంది, వెనక రెండు చక్రాలనూ కలిపే మొండి ఇరుసూ ఉంది. ముందు మాత్రం ఏ చక్రానికది విడిగా ఊగుతుంది. దానివల్ల నడుముకు సుఖం. పాతవాళ్ల ఫిర్యాదేమిటంటే, మొండి ఇరుసుంటే రాయెక్కిన చక్రంతో పాటు మధ్య డిఫరెన్షియల్ బుడిపె కూడా పైకి లేస్తుంది, రాళ్లకు తగలదు. విడిగా ఊగే చోట చక్రం ఒక్కటే లేచి, బుడిపె అక్కడే ఉండిపోతుంది.

ఆ మాట నిజమే. కానీ వాళ్లెవరూ వెనక అడ్డబల్ల మీద కూర్చుని గుడిస ఎక్కినవాళ్లు కారు, స్టీరింగు పట్టుకున్నవాళ్లు. వెనక మోకాళ్లు మోకాళ్లు తగిలించుకు కూర్చున్న ఎనిమిది మందిని అడిగితే, ఇరుసు మాట తరవాత, ముందు ఎక్కడైనా ఆపి టీ తాగిద్దురూ అంటారు.