వెనుకనుండి మందు కూరు తుపాకి

మా పెద్దపంజాణి ప్రాంతమున తుపాకి యనగా నాటుతుపాకియే. గొట్టపు మూతినుండి మందు పోసి, గుండ్లు వేసి, గుడ్డపీలిక నుంచి, ఇనుపకడ్డీతో దట్టించుట మా బాలురు సైతము ఎఱుగుదురు. అడవిపందులనుండి వేరుసెనగ చేలను కాపాడుకొనుటకై కొందఱు రైతులు దానిని లైసెన్సుతో నుంచుకొందురు.

నార్వే దేశమున ఉద్యోగము చేయు మా మేనల్లుని యింటికి పోయినపుడు, పొరుగింటి వృద్ధు డొకరు తమ గోడమీది పాత సైనిక తుపాకిని దింపి మా చేతికిచ్చిరి. "మామయ్యా, దీనిని కమ్మర్‌లాడర్ అందురు, గదిలో నింపునది యని యర్థము" అని మేనల్లుడు చెప్పెను. నార్వే సైన్యము దీనిని 1842లో స్వీకరించినది.

కుడిప్రక్కనున్న పిడిని త్రిప్పగా, గొట్టము వెనుకనున్న చిన్న యినుపగది మూతి పైకి లేచినది. మందును గుండును అందుంచి పిడిని మరల త్రిప్పినచో, గది దిగి గొట్టమున కదుముకొని నిలుచును. సుత్తి క్రిందివైపున నుండుట మాకు మిక్కిలి వింతగా తోచినది. సైనికుడు పరుండియే దీనిని నింపుకొనవచ్చును. గదికిని గొట్టమునకును నడుమ సందు లేకపోలేదు. ఆ సందున పొగ వెడలుట దీని లోపము. 1857లో మన సిపాయిల కలజడి తెచ్చిన ఎన్‌ఫీల్డు తుపాకి మూతినుండి నింపునదియే. ఆంగ్లేయులు వాని వెనుకభాగమును కోసి స్నైడరు పద్ధతికి మార్చుట 1866లో గాని జరుగలేదు. ఆ మరుసటి యేడు నార్వే యీ గది తుపాకిని విడిచి, లోహపు తోటాల రెమింగ్టనును చేపట్టినది.

పిడి త్రిప్పుచుండగా మా విద్యార్థి యొకని తండ్రి మాకు జ్ఞప్తికి వచ్చెను. ఒక రాత్రి పందిని కాల్చి, వెంటనే మరల మందు పోసెను. గొట్టమున నిప్పురవ్వ మిగిలియుండెను. కుడిచేతి బొటనవ్రేలును, దాని ప్రక్క రెండు వ్రేళ్లును పోయినవి. చదువు వచ్చినవాడే, ఇప్పుడు కుమారుని కాగితములపై సంతకమునకు బదులు ఎడమచేతి వ్రేలిముద్ర వేయుచున్నాడు. వెనుకనుండి నింపు తుపాకియు అపాయము లేనిది కాదు. కాని నింపువాని చేయి గొట్టపు మూతికి ఎదురుగా నుండదు.

ఈ సంగతిని మేనల్లుడు వృద్ధునకు వారి భాషలో చెప్పెను. ఆయన తుపాకిని ఒడిలో నుంచుకొని, "ఆ చేయి నయమైనదా?" అని అడిగిరి.

"గాయము మానినది. ఎద్దులకు పలుపు ముడివేయుటకు మాత్రము కుమారుని పిలుచుచున్నాడు" అంటిమి.