మేఘాల మీద మూరెడు వంటిల్లు

మైదుకూరు నాలుగురోడ్ల కూడలి. కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు వైపు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి, నెల్లూరు వైపు నుంచి బద్వేలు మీదుగా వచ్చి ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు సాగిపోయే 67వ నంబరు రహదారి... రెండూ కలిసేది ఇక్కడే. పొద్దు వాలితే చాలు, టిఫిన్ బళ్ల దగ్గర సందడి మొదలవుతుంది. ఒక్క బండిని కాసేపు అలా గమనించండి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అందులోనే పెనం, కింద గ్యాస్ బండ, పిండి బకెట్టు, ఎర్రకారం గిన్నె, పప్పుల పొడి, చట్నీ, నీళ్ల బిందె, ప్లేట్లు... ఆఖరికి డబ్బుల డబ్బా కూడా! బండాయన నిల్చున్న చోటు నుంచి అడుగు కదలడు. చెయ్యి చాపితే అందని వస్తువు అక్కడ ఉండదు. ఏళ్ల తరబడి తన చేతికి తగ్గట్టు తానే సర్దుకున్న వంటిల్లు మరి!

సరిగ్గా ఇలాంటి ఇరుకు వంటిల్లే ఇంకోటి, ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో గాల్లోకి లేస్తుంటుంది. దాన్ని చూడాలంటే ఖాజీపేట దాటి, చెన్నూరు దగ్గర పెన్న వంతెన ఎక్కి కడప చేరాలి. అక్కడి విమానాశ్రయం నుంచి 2015 జూన్‌లో రాకపోకలు మొదలయ్యాయి. 2022లో ఇండిగో ఏటీఆర్ విమానాలు రావడం మొదలైంది. డెబ్భై పైచిలుకు సీట్లుండే ఈ చిన్న విమానంలోకి ప్రయాణికులు ఎక్కేది వెనక తలుపు నుంచి. మెట్లెక్కి లోపలికి అడుగు పెట్టగానే తలుపు దగ్గర బీరువాలాంటిది కనిపిస్తుంది. చాలామంది దాన్ని సామాన్ల అర అనుకుని ముందుకెళ్లిపోతారు. కానీ అదే విమానం వంటిల్లు. వాళ్ల భాషలో గ్యాలీ!

పొయ్యి లేని వంట

పేరుకే వంటిల్లు. మంట వెలిగించడానికి వీల్లేదు. పోనీ కరెంటు పొయ్యి మీద అన్నం ఉడికిద్దామన్నా కుదరదు. విమానం ముప్పై అయిదువేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా, లోపలి గాలి పీడనాన్ని ఆరు నుంచి ఎనిమిదివేల అడుగుల ఎత్తులో ఉండేంతకు సరిపెడతారు. అంటే ఊటీ కొండ మీద కూర్చున్నట్టన్నమాట. ఎనిమిదివేల అడుగుల దగ్గర నీళ్లు వంద డిగ్రీల దాకా ఆగవు, 92 డిగ్రీలకే మరిగిపోతాయి. విమానంలో టీ ఎందుకో చప్పగా ఉందని గొణుక్కునేవాళ్లకు సగం జవాబు ఇదే.

మన ఇంట్లో ఓవెన్ తీసుకెళ్లి పెడితే పనిచేయదా? చేయదు. ఇంట్లో కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సైకిళ్లు. పెద్ద విమానాల్లో సాధారణంగా 115 వోల్టులు, 400 సైకిళ్లు. సైకిళ్లు పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు చిన్నవిగా, తేలిగ్గా చేసుకోవచ్చు. అందుకే ఆ ఎంపిక. దాంతో అక్కడి ఓవెన్, కాఫీ యంత్రం, నీళ్లు మరిగించే పాత్ర... అన్నీ ప్రత్యేకంగా తయారుచేయించుకోవాల్సినవే.

కాబట్టి అసలు వంటంతా నేల మీదే జరిగిపోతుంది. వండిన పదార్థాన్ని వెంటనే అయిదు డిగ్రీల దాకా చల్లార్చి, డబ్బాల్లో సర్ది, విమానం ఎక్కిస్తారు. పైన ఇరవై నిమిషాల పాటు ఫ్యాను ఓవెన్లో వేడి చేస్తారు. లోపల ఫ్యాను తిరిగి వేడిగాలిని ప్రతి డబ్బా చుట్టూ తిప్పే ఈ ఓవెన్‌ను 1940ల్లో విమానాల కోసం రూపొందించిన అమెరికన్ విలియం మాక్సన్. అంతకుముందు కథ ఇంకా సాదాసీదా. 1919లో లండన్-పారిస్ విమానంలో మూడు షిల్లింగులకు అమ్మిన అట్టపెట్టె భోజనమే గగనతలంలో తొలి టిఫిన్ అంటారు. తక్కువ ఖర్చు విమానాల్లో చాలావాటికి ఇప్పుడు ఓవెన్ బరువు కూడా దండగే. కప్పులో వేడినీళ్లు పోసి మూత పెడితే అయిదారు నిమిషాల్లో ఉప్మా రెడీ! ఇంట్లో ముఖం ముడుచుకునే ఉప్మాకు ఆకాశంలో అంత గిరాకీ.

ముప్పై సెంటీమీటర్ల లెక్క

నడవలో తోసుకొచ్చే ట్రాలీ అంత సన్నగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? భద్రతా నిబంధనల ప్రకారం పెద్ద విమానాల్లో సీట్ల ఎత్తు వరకు నడవ కనీసం 15 అంగుళాలు ఉంటే చాలు. సీట్లు పెంచుకోవాలనుకునే సంస్థలు అంతకుమించి ఎక్కువేమీ వదలవు. అందులో ఇమడాలంటే ట్రాలీ 12 అంగుళాలు దాటకూడదు. యూరప్ విమాన సంస్థలు కొన్ని కలిసి నిర్ణయించుకున్న 'అట్లాస్' కొలత ఇదే... వెడల్పు సుమారు 30 సెంటీమీటర్లు, లోతు 81, ఎత్తు 103. ఈ కొలత ఎంతగా పాతుకుపోయిందంటే, దేశం ఏదైనా ఆ ట్రాలీ చాలా విమానాల అరల్లో సరిగ్గా కూర్చుంటుంది.

నిండా సర్దితే ఒక్కో ట్రాలీ ఎనభై నుంచి వంద కిలోలు తూగుతుంది. ఎగిరే విమానం ముక్కు కాస్త పైకెత్తి ఉంటుంది కాబట్టి, ముందువైపు తోయడమంటే చిన్న ఎత్తు ఎక్కించడమే. అది కదలకుండా ఉండటం అంతకన్నా ముఖ్యం. అత్యవసరంగా దిగేటప్పుడు వస్తువులు తమ బరువుకు తొమ్మిది రెట్ల శక్తితో ముందుకు దూసుకొచ్చినా తట్టుకోవాలన్నది నిబంధన. వంద కిలోల ట్రాలీని తొమ్మిది వందల కిలోలుగా లెక్కేసుకుని గొళ్లేలు బిగించాలి!

ఇంత బలం కావాలి, బరువు మాత్రం ఉండకూడదు. ఈ చిక్కుకు డిజైనర్లు తేనెపట్టును ఆశ్రయించారు. గ్యాలీ గోడలు చెక్కతో చేసినవి కావు. మంటకు తట్టుకునే గట్టి కాగితంలాంటి పదార్థంతో తేనెపట్టులా ఆరు మూలల గదులు చేసి, రెండువైపులా గాజుపీచు పలకలు అతికిస్తారు. లోపలంతా దాదాపు గాలే. చేత్తో ఎత్తితే తేలిపోతుంది, అడ్డంగా నిలబెడితే గోడ. బరువు మీద ఈ పిసినారితనం ఎందుకంటే, పది గంటల ప్రయాణంలో వంద కిలోల అదనపు బరువును మోయడానికే ముప్పై, నలభై కిలోల ఇంధనం ఖర్చయిపోతుంది.

మిగిలిన చోటు ఎవరికి?

అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. ఇంట్లో వంటింట్లో చోటు మిగిలితే ఇంటావిడ ఇంకో అర కట్టించుకుంటుంది. విమానంలో మిగిలితే? ఎయిర్‌బస్ సంస్థ 2000ల చివర్లో 'స్పైస్' అనే ఆలోచన చేసింది. కారం, మసాలా అనుకునేరు! 'స్పేస్ ఇన్నోవేటివ్ కేటరింగ్ ఎక్విప్‌మెంట్'కు పొట్టిపేరు. బరువైన ట్రాలీలు తీసేసి, భోజనాన్ని తేలికైన పెట్టెల్లో సర్ది, వడ్డించేటప్పుడు మాత్రం మడతబండి వాడాలన్నది దాని సారాంశం. ఆలోచన బాగుంది, కానీ ట్రాలీల రాజ్యం పోలేదు. ఒక్క విమానం మారితే సరిపోదు కదా! నేల మీద వంటశాలలు, ఎక్కించే లారీలు, కడిగే యంత్రాలు... అన్నీ ఆ పాత కొలతకే అలవాటు పడ్డాయి. అదే సంస్థ తర్వాత తెచ్చిన 'స్పేస్ ఫ్లెక్స్' మాత్రం నిలదొక్కుకుంది. ఏ320 విమానాల్లో వెనకున్న వంటింటినీ మరుగుదొడ్లనూ ఒకేచోట కుదించే ఏర్పాటిది. అలా మిగిలిన చోటులో వచ్చింది అరలు కాదు, అదనపు సీట్లు!

ఒకవిధంగా మంచిదే. సీట్లు పెరిగితే టికెట్ ధర తగ్గే వీలుంది. మైదుకూరు రైతు కూడా ఆస్పత్రి పనికో, మనవణ్ని చూడటానికో విమానం ఎక్కగలడు. కానీ ఆ కుదించిన చోట గంటలకొద్దీ నిలబడి వంగి లేచేది విమాన సిబ్బంది. వేడి డబ్బాలు తలకు మించిన ఎత్తులో ఉంటే చేతులు కాలేది వాళ్లకే. ట్రాలీ మోకాలి దగ్గర ఇరుక్కుంటే నడుము పట్టేసేదీ వాళ్లకే. బండాయన తన బండిని తానే సర్దుకున్నాడు. విమానం వంటింటిని గీసేవాళ్లు వేరు, అందులో పనిచేసేవాళ్లు వేరు. అందుకే మంచి డిజైన్ అనేది కంప్యూటర్ తెర మీద పూర్తికాదు. అట్టతోనో చెక్కతోనో అసలు కొలతల్లో నమూనా చేసి, సిబ్బందిని అందులో నిలబెట్టి, ఏది అందుతోంది, ఏది అందడం లేదు అని అడిగాకే ఒక కొలికికి వస్తుంది.

ఆ గీతలు గీసేవాళ్లు మనకు దూరమేమీ కాదు. గ్యాలీల తయారీలో పేరున్న బీఈ ఏరోస్పేస్‌ను 2017లో రాక్‌వెల్ కాలిన్స్ కొనేసింది. 2018లో అది కాలిన్స్ ఏరోస్పేస్‌గా మారింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. 1991లో ఇన్ఫోటెక్‌గా మొదలైన సైయెంట్ కూడా అక్కడి నుంచే విదేశీ విమాన పరిశ్రమకు డిజైన్ పనులు చేస్తోంది. ఇటు చూస్తే పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. ఏటా వందలమంది మెకానికల్ పట్టాలతో బయటికొస్తున్నారు. వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పాఠం నాలుగురోడ్ల టిఫిన్ బండి దగ్గరే ఉంది. అంగుళం తగ్గించేముందు ఆ అంగుళంలో ఎవరి మోచెయ్యి ఆడాలో చూడాలి.

కడప జిల్లా నుంచి కువైట్‌లో వంటపనికీ, ఇంటిపనికీ వెళ్లిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఊళ్లోనూ, పరాయి దేశంలోనూ ఎవరికో ఒకరికి వండి పెట్టడమే వాళ్ల జీవితం. కూర్చున్న చోటికే వేడివేడి అన్నం డబ్బా తెచ్చి మరొకరు చేతికందించేది వాళ్లలో చాలామందికి విమానంలోనే. ఆ డబ్బా చేతికి తగిన వేడిలో, ఒలకకుండా అందిందంటే, దాని వెనక ఎక్కడో ఒక డిజైనరు ముప్పై సెంటీమీటర్లతో కుస్తీ పట్టి ఉంటాడు.

ఈసారి విమానం ఎక్కితే, బయల్దేరే ముందు ఒక్క నిమిషం ఆ బీరువా వైపు చూడండి. ఎయిర్‌హోస్టెస్ చెయ్యి ఒక్కో గొళ్లెం మీద ఆగి, తిప్పి, లాగి చూసుకుంటూ వెళ్తుంది. అన్నీ పడ్డాయని తేలాకే తన సీటు బెల్టు పెట్టుకుంటుంది.