మోకాటి సంధి

ముప్పైనాలుగేళ్ళు నల్లబల్ల ముందు నిలబడి సంధులు చెప్పినవాణ్ణి. ఆ సంధులన్నీ ఇప్పుడు నా మోకాళ్ళలో చేరి నన్నే పాఠం అప్పజెప్పమంటున్నాయి! ఎముకల వైద్యుడైన నా పూర్వశిష్యుడు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "గుజ్జు అరిగింది మాస్టారూ" అన్నాడు. సరిగ్గా ఈ మాటే ఇరవయ్యేళ్ళ క్రితం మా అమ్మతో నేనన్నాను.

అమ్మ రాత్రివేళ మోకాలు పట్టుకుని మంచంమీద కూర్చునేది. "ఎముకలో సలుపుతోందిరా నాయనా" అనేది. "ఎముకకేమీ కాలేదమ్మా, మధ్యనున్న గుజ్జు అరిగింది, అంతే. వయసు మీదపడితే ఎవరికైనా ఇంతే" అని దిద్దేవాణ్ణి. పండితుణ్ణి కదా, ఎదుటివారి మాట దిద్దడం వృత్తిదోషం.

ఆ సంగతి చెబితే శిష్యుడు కాసేపు మౌనంగా ఉండి, "అమ్మగారి మాటే ఒప్పు మాస్టారూ" అన్నాడు. గుజ్జుకు శాస్త్రంలో మృదులాస్థి అని పేరు. అందులో నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. నరం లేనిచోట నొప్పి ఎక్కడిది? నరాలున్నవి కీలు చుట్టూ ఉండే పొరలోను, గుజ్జు కిందనున్న ఎముకలోను.

ఎముక జడపదార్థమని అనుకునేవాణ్ణి. కాదట. పాత ఎముకను కరిగించే కణాలు కొన్ని, కొత్తది కట్టేవి కొన్ని. ఎముక లోపలే ఉండిపోయి, మీదపడే బరువును పసిగట్టి వాటికి కబురంపేవి మరికొన్ని. గుజ్జులో ఉన్నది మాత్రం ఒకే జాతి కణం. ఈ రోగంలో ఎముక కణాలు గుజ్జు వైపు రసాయన సందేశాలు పంపుతాయి. అవి అందిన గుజ్జు కణాలు, తామే నేసుకున్న కొల్లాజెన్ వలను కొరికే ఎంజైములను విడుస్తాయి. అటునుంచి ఇటూ కబుర్లు వస్తాయి. క్రమంగా ఎముకలోని నరాలు, రక్తనాళాలు హద్దుదాటి గుజ్జులోకి పాకుతాయి. 1997లో బ్రిటన్ పరిశోధకులు రోగుల ఎముక కణాలను ఆరోగ్యకరమైన గుజ్జు ముక్కలతో కలిపి పెంచితే, వాటిలో కొన్ని ఆ గుజ్జులోని సారాన్ని కరగనిచ్చాయి. ఈ రోగం లేనివారి ఎముక కణాలు ఆ పని చేయలేదు.

పూర్వస్వరం, పరస్వరం కలిస్తే రెంటికీ మార్పే కదా! సంధి అని ఒకే పేరు కీలుకూ పెట్టిన పెద్దలకు నమస్కారం.

చెడిన గుజ్జు తిరిగి రాదని 1743లోనే విలియం హంటర్ అనే వైద్యుడు రాశాడట. దాన్ని తిరిగి మొలిపించే మందు నేటికీ చేతికి రాలేదు. నేనైతే మిగిలిన గుజ్జును పొదుపు చేద్దామని రెండేళ్ళుగా నడక మానేశాను. అదీ తప్పేనట! రక్తం అందని గుజ్జుకు ఆహారం కీలులోని ద్రవమే. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు స్పంజిలా పీల్చుకుంటుంది. నా పొదుపుతో దాన్ని పస్తులుంచాను. అమ్మనూ "కదలకు" అని కూర్చోబెట్టింది నేనే.

ఇప్పుడు తెల్లవారుజామున కాలువగట్టు దాకా వెళ్ళి వస్తున్నాను. శస్త్రచికిత్స సంగతి తర్వాత చూద్దామన్నాడు శిష్యుడు. సలుపు పూర్తిగా పోలేదు. రాత్రి దీపం ఆర్పాక, అది ఎక్కడ పుడుతోందో తడిమి చూసుకుంటాను. ఎముకలోనే, అమ్మ చెప్పిన చోటే.